పొద్దున రిఫ్రెష్ ఫెయిల్, నెల లెక్కల్లో తేడా: పవర్ బీఐ, పోస్ట్‌గ్రెస్ తెలిసినవాళ్ళు కాస్త చూడండి

నెల్లూరు_టు_బెళ్ళందూరు
సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్తే. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక మందుల డిస్ట్రిబ్యూషన్ కంపెనీలో డేటా ఎనలిస్ట్‌గా ఈమధ్యే చేరాను. నాకు ముందున్నాయన మానేస్తూ ఒక పవర్ బీఐ (మైక్రోసాఫ్ట్ వాళ్ళ రిపోర్టుల టూల్) డ్యాష్‌బోర్డు అప్పగించి వెళ్ళారు. డాక్యుమెంట్ అంటూ ఏమీ లేదు. వెనక ఉన్నది పోస్ట్‌గ్రెస్, అదీ రీడ్ రెప్లికా (మెయిన్ డేటాబేస్‌కి చదవడానికి మాత్రమే ఉండే నకలు). ఇంపోర్ట్ మోడ్ (డేటాని పవర్ బీఐలోకి కాపీ చేసి పెట్టుకోవడం), ప్రో లైసెన్స్, మధ్యలో గేట్‌వే (మన డేటాబేస్‌ని పవర్ బీఐ క్లౌడ్‌కి కలిపే ప్రోగ్రామ్).

ఇప్పుడున్న బాధలు ఇవి. పొద్దున 9 గంటల రిఫ్రెష్ (కొత్త డేటా తెచ్చుకోవడం) తరచుగా ఫెయిల్ అవుతోంది. ఎర్రర్‌లో "క్యాన్సిలింగ్ స్టేట్‌మెంట్ డ్యూ టు కాన్‌ఫ్లిక్ట్ విత్ రికవరీ" అని వస్తోంది. రెండోది, నెలవారీ సేల్స్ ఫైనాన్స్ వాళ్ళ లెక్కతో కలవడం లేదు. ఒక నెల మాది ఎక్కువ, ఇంకో నెల తక్కువ. మూడోది కాస్త వింత: మా డైరెక్టర్ గారు తెల్లవారుజామున 5కి ఫోన్‌లో చూస్తే "ఈరోజు" అన్న కార్డులో నిన్నటి తేదీ ఉంటోందట. నేను 9కి చూస్తే బాగానే ఉంటోంది. వీటికి తోడు రిపోర్ట్ పేజీలు తెరుచుకోవడానికి చాలా టైమ్ తీసుకుంటున్నాయి.

గురువారం రివ్యూ మీటింగ్ ఉంది, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?


మారతహళ్ళి_మాస్
సోమవారం, ఉదయం 10:31

ఇంపోర్ట్ తీసేసి డైరెక్ట్ క్వెరీ (కాపీ లేకుండా ప్రతిసారీ డేటాబేస్‌నే అడగడం) పెట్టెయ్ సిస్టర్. రిఫ్రెష్షే ఉండదు, ఇక ఫెయిల్ అయ్యేదేముంది?


డాక్స్_దాసు
సోమవారం, ఉదయం 10:50

మాస్ తమ్ముడూ, ఆ సలహా వద్దు. డైరెక్ట్ క్వెరీలో పేజీ మీద ఎన్ని విజువల్స్ (చార్టులు, కార్డులు) ఉంటే కనీసం అన్ని క్వెరీలు డేటాబేస్‌కి వెళ్తాయి. ఎవరైనా స్లైసర్ (పేజీ మీద ఉండే ఫిల్టర్) కదిపితే మళ్ళీ అన్నీ వెళ్తాయి. ప్రతి ముద్దకీ లేచి వెళ్ళి పొయ్యి వెలిగించినట్టు. పైగా ఒక క్వెరీ నుంచి 10 లక్షల వరుసలు దాటి వస్తే విజువల్ ఎర్రర్ ఇచ్చి కూర్చుంటుంది. స్టాక్ మార్కెట్ ధరల్లాగా నిమిషానికోసారి మారే డేటా అయితే ఆలోచించొచ్చు. మందుల డిస్ట్రిబ్యూషన్‌కి ఇంపోర్ట్ చాలు.

ఆ 5 గంటల వింతకి జవాబు నా దగ్గరుంది, మధ్యాహ్నం రాస్తాను. రిఫ్రెష్ ఎర్రర్ మాత్రం డీబీఏ బాబాయ్ చెప్పాల్సిందే.


డీబీఏ_బాబాయ్
సోమవారం, ఉదయం 11:25

వచ్చాను. వైట్‌ఫీల్డ్ మెట్రోలో ఉన్నాను, ఫోన్ నుంచి రాస్తున్నా, అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

అమ్మాయ్, ఆ ఎర్రర్ పవర్ బీఐది కాదు, గేట్‌వేది కాదు. పోస్ట్‌గ్రెస్ రెప్లికా నీ క్వెరీని తనే చంపేసి ఆ మాట చెబుతోంది. జరిగేది ఇదీ. మెయిన్ సర్వర్‌లో ఒక వరుసని అప్‌డేట్ చేస్తే పాత వెర్షన్ వెంటనే పోదు, వ్యాక్యూమ్ వచ్చి తీసేదాకా అక్కడే ఉంటుంది. మెయిన్‌లో వ్యాక్యూమ్ పాత వెర్షన్లని తీసేసిందనుకో, ఆ మార్పు రెప్లికాకి కూడా వస్తుంది. అదే సమయంలో రెప్లికాలో నీ పెద్ద క్వెరీ ఆ పాత వెర్షన్లనే చదువుతూ ఉంటే ఇద్దరికీ పేచీ. రెప్లికా కాసేపు ఆగి చూస్తుంది, తర్వాత క్వెరీని కొట్టేస్తుంది.

ఆ "కాసేపు" ఎంతో చెప్పే సెట్టింగ్ పేరు మ్యాక్స్_స్టాండ్‌బై_స్ట్రీమింగ్_డిలే. డిఫాల్ట్ 30 సెకన్లు. చాలామంది దీన్ని "నా క్వెరీకి 30 సెకన్లు ఇస్తారు" అని అర్థం చేసుకుంటారు, అది కాదు. మెయిన్ నుంచి వచ్చిన మార్పుల్ని వర్తింపజేయడంలో రెప్లికా ఎంత వెనకబడొచ్చు అన్న గడువు అది. అప్పటికే వెనకబడి ఉంటే నీ క్వెరీకి దక్కేది ఇంకా తక్కువ. అందుకే ఒకరోజు పాస్, ఒకరోజు ఫెయిల్.

దారులు మూడున్నాయి, ఏదీ ఉచితం కాదు. ఆ గడువు పెంచితే రెప్లికా డేటా వెనకబడుతుంది. హాట్_స్టాండ్‌బై_ఫీడ్‌బ్యాక్ ఆన్ చేస్తే, నీ క్వెరీకి కావలసిన పాత వెర్షన్లని మెయిన్‌లో వ్యాక్యూమ్ ముట్టుకోదు. కానీ నీ క్వెరీ గంటసేపు నడిస్తే మెయిన్‌లో గంట చెత్త పేరుకుంటుంది. మీ డీబీఏలు (డేటాబేస్ చూసుకునేవాళ్ళు) దీనికి ఒప్పుకోకపోతే వాళ్ళని తిట్టుకోకు, వాళ్ళ భయం న్యాయమైనదే. మూడోది, క్వెరీనే చిన్నది చేయడం. నేనైతే ఎప్పుడూ దీంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు.

పవర్ క్వెరీలో (పవర్ బీఐలో డేటా తెచ్చి సర్దే భాగం) ఉన్న ఎస్‌క్యూఎల్ తీసి, ముందు ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్, బఫర్స్ పెట్టి రెప్లికాలో నడిపి ప్లాన్ (క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో చెప్పే వివరం) ఇక్కడ పెట్టు. టేబుల్ పేర్లు మార్చెయ్. ఒక జాగ్రత్త, కొత్తవాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళకి కూడా: ఎక్స్‌ప్లెయిన్ ఒక్కటే అయితే అంచనా చెబుతుంది. అనలైజ్ కూడా పెడితే క్వెరీ నిజంగానే నడుస్తుంది. డిలీట్ ముందు పెడితే డిలీట్ అయిపోతుంది.


నెల్లూరు_టు_బెళ్ళందూరు
సోమవారం, మధ్యాహ్నం 1:05

థాంక్స్ బాబాయ్. ఫస్ట్ టైమ్ అర్థమయ్యేలా ఎవరో చెప్పారు. ప్లాన్ మొత్తం పెద్దగా ఉంది, ముఖ్యమైన ముక్కలు రాస్తున్నా.

ఆర్డర్స్ టేబుల్‌లో దాదాపు 4 కోట్ల వరుసలు. దాని మీద సీక్వెన్షియల్ స్కాన్ (టేబుల్ మొత్తం వరసగా చదవడం) అని ఉంది. కింద "రోస్ రిమూవ్డ్ బై ఫిల్టర్" దగ్గర పెద్ద నంబర్. సార్ట్ దగ్గర "ఎక్స్‌టర్నల్ మెర్జ్, డిస్క్" అని ఉంది. వేర్ క్లాజ్‌లో డేట్(క్రియేటెడ్_ఎట్) బిట్వీన్ అని రెండు తేదీలు. క్రియేటెడ్_ఎట్ మీద ఇండెక్స్ ఉంది మరి, ఎందుకు వాడలేదు?


డీబీఏ_బాబాయ్
సోమవారం, మధ్యాహ్నం 2:10

ఇండెక్స్ ఉన్నది క్రియేటెడ్_ఎట్ మీద. నువ్వు అడుగుతున్నది డేట్ ఫంక్షన్ పెట్టాక వచ్చిన విలువ. పోస్ట్‌గ్రెస్ దృష్టిలో ఆ రెండూ వేరు. కాలమ్‌ని ఫంక్షన్‌లో చుట్టకు. కాలమ్‌ని అలాగే వదిలేసి, కుడివైపు హద్దులు రాయి:

క్రియేటెడ్_ఎట్ >= '2025-04-01 00:00+05:30' అండ్ క్రియేటెడ్_ఎట్ < '2025-05-01 00:00+05:30'

మొదటి హద్దు కలుపుకుని, రెండోది వదిలేసి. బిట్వీన్ వాడి చివర 30 తేదీ రాసేవాళ్ళని రోజూ చూస్తుంటాను. ఫంక్షన్ లేకుండా అలా రాస్తే 30వ తేదీ అర్ధరాత్రి 00:00 దగ్గరే ఆగిపోతుంది, ఆ రోజు సేల్స్ మొత్తం గల్లంతు.

ఒకవేళ ఏడాది మొత్తం లాగుతుంటే ఇండెక్స్ ఉన్నా సీక్వెన్షియల్ స్కానే రావచ్చు, అది తప్పు కాదు. టేబుల్‌లో పెద్ద భాగం కావాలంటే వరసగా చదవడమే చవక. అప్పుడు అసలు ప్రశ్న, రోజూ ఏడాది మొత్తం ఎందుకు లాగుతున్నావు అని.

డిస్క్ మీద సార్ట్ సంగతి: వర్క్_మెమ్ (సార్ట్ లాంటి పనులకి ఇచ్చే మెమరీ) డిఫాల్ట్ 4 ఎంబీ. మీ వాళ్ళు మార్చినట్టు లేదు. సర్వర్ మొత్తానికి పెంచొద్దు, ఎందుకంటే అది ఒక్కో సార్ట్‌కి, ఒక్కో కనెక్షన్‌కి విడివిడిగా లెక్క. రిపోర్టింగ్ యూజర్‌కి మాత్రమే ఆల్టర్ రోల్‌తో పెంచమని అడుగు. ఆ కమాండ్ మెయిన్‌లోనే ఇవ్వాలి, రెప్లికాకి దానంతట అదే వస్తుంది. కొత్త ఇండెక్స్ కావాలన్నా అంతే, రెప్లికా చదవడానికే. క్రియేట్ ఇండెక్స్ కన్‌కరెంట్లీ అని వేయమను, లేకపోతే అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌లోకి ఆర్డర్లు పడవు. మధ్యలో ఫెయిల్ అయితే ఇన్‌వ్యాలిడ్ ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, దాన్ని డ్రాప్ చేసి మళ్ళీ వేయాలి.

ఇంకో మాట. 4 కోట్ల టేబుల్‌కి ఆటో వ్యాక్యూమ్ డిఫాల్ట్‌గా 20 శాతం మారాకే కదులుతుంది. అంటే 80 లక్షల వరుసలు. కదిలినప్పుడు ఒకేసారి పెద్ద పని పెట్టుకుంటుంది, నీ క్వెరీలతో గొడవలు అప్పుడే ఎక్కువ. ఆ ఒక్క టేబుల్‌కి స్కేల్ ఫ్యాక్టర్ (ఆ 20 శాతం) తగ్గించమంటే వాళ్ళు కాదనరు.


సీమ_క్వెరీ
సోమవారం, మధ్యాహ్నం 3:40

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి. లెక్క తేడా సంగతి నేను చూస్తా.

"ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ" అన్నావు చూడు, ఆ ముక్క చాలు. ఎప్పుడూ ఎక్కువే వస్తుంటే జాయిన్‌లో వరుసలు రెట్టింపవుతున్నాయని అనుమానించాలి. ఎప్పుడూ తక్కువే అయితే ఫిల్టర్ గానీ ఇన్నర్ జాయిన్ గానీ ఏవో వరుసల్ని మింగేస్తోంది. అటూ ఇటూ ఊగుతుంటే అది నెల సరిహద్దు సమస్య. మన దేశంలో అయితే పదింట తొమ్మిదిసార్లు టైమ్ జోన్.

మన అర్ధరాత్రి అంటే యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక) ముందురోజు సాయంత్రం 18:30. సర్వర్ యూటీసీలో ఆలోచిస్తే, ఏప్రిల్ 1న రాత్రి 12 నుంచి తెల్లవారి 5:30 లోపు పడిన ఆర్డర్లన్నీ మార్చి 31 కింద పోతాయి. మామూలు నెలకైతే చిన్న తేడా. మార్చి, ఏప్రిల్ మధ్య అయితే ఏకంగా ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. ఫైనాన్స్ వాళ్ళు ఊరుకోరు మరి. ఆ వేళలో మీకు ఆర్డర్లు పడతాయా? ముందు అది చెప్పు.

ఇంకోటి చెయ్యి. నీ ల్యాప్‌టాప్‌లో డీబీవర్ (డేటాబేస్‌లో నేరుగా క్వెరీలు నడిపే టూల్) ఉందా? అదే క్వెరీ దాంట్లో నడుపు. ఆ తర్వాత రెండు చోట్లా "షో టైమ్‌జోన్" అడుగు.


నెల్లూరు_టు_బెళ్ళందూరు
సోమవారం, సాయంత్రం 5:20

అక్కా!! డీబీవర్‌లో ఫైనాన్స్ వాళ్ళ నంబర్ వచ్చింది, రూపాయి తేడా లేదు. పవర్ బీఐలో అదే ఎస్‌క్యూఎల్, అక్షరం మారలేదు, వేరే నంబర్. డీబీవర్‌లో షో టైమ్‌జోన్ అంటే ఏషియా/కలకత్తా అంటోంది. పవర్ బీఐ వైపు యూటీసీ.

ఆర్డర్లు పడతాయి. మెడికల్ షాపులకి స్టాక్ తగ్గితే రాత్రి 12 దాటాక ఆటో రీఆర్డర్ జాబ్ ఒకటి నడుస్తుంది. నెల మొదటి రోజున అది చాలా పెద్దది.

కానీ ఒకే డేటాబేస్, ఒకే క్వెరీ, రెండు జవాబులు ఎలా?


సీమ_క్వెరీ
సోమవారం, సాయంత్రం 6:15

డీబీవర్ జావా మీద నడుస్తుంది. దాన్ని డేటాబేస్‌కి కలిపే పోస్ట్‌గ్రెస్ జేడీబీసీ డ్రైవర్ కనెక్ట్ అయ్యేటప్పుడే నీ ల్యాప్‌టాప్ టైమ్ జోన్‌ని సెషన్‌కి (ఆ ఒక్క కనెక్షన్‌కి) చెప్పేస్తుంది. పవర్ బీఐ వాడే ఎన్‌పీజీఎస్‌క్యూఎల్ డ్రైవర్ అలా చెప్పదు, సర్వర్ డిఫాల్ట్ ఏదుంటే అదే. డేట్(క్రియేటెడ్_ఎట్) అన్నప్పుడు ఏ రోజు అన్నది సెషన్ టైమ్ జోన్‌ని బట్టి తేలుతుంది. కాబట్టి ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరి గడియారాలు వేరు.

సెషన్‌ని నమ్ముకోకూడదు. బాబాయ్ రాసిన హద్దుల్లో +05:30 ఉంది కాబట్టి ఫిల్టర్ ఎక్కడ నడిపినా ఒకటే. గ్రూప్ బై కోసం తేదీ కావాలంటే ముందు క్రియేటెడ్_ఎట్ ఎట్ టైమ్ జోన్ 'ఏషియా/కోల్‌కతా' అని మార్చి, ఆ తర్వాత డేట్ తియ్యి.

ఇక్కడ ఒక గుంట ఉంది, పడొద్దు. కాలమ్ టైప్ టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్ అయితేనే పై మాట. వితౌట్ టైమ్ జోన్ అయితే ఎట్ టైమ్ జోన్ ఉల్టా పనిచేస్తుంది: "ఇందులో ఉన్నది కోల్‌కతా టైమ్" అనుకుని మార్చేస్తుంది. అందులో ఉన్నది యూటీసీ అయితే ముందు ఎట్ టైమ్ జోన్ 'యూటీసీ', దాని మీద మళ్ళీ ఎట్ టైమ్ జోన్ 'ఏషియా/కోల్‌కతా', రెండూ రాయాలి.


డాక్స్_దాసు
సోమవారం, రాత్రి 9:30

డైరెక్టర్ గారి 5 గంటల సమస్య కూడా ఆ ఇంటిదే. డాక్స్‌లో (పవర్ బీఐ ఫార్ములాల భాష) టుడే, నౌ ఫంక్షన్లు డెస్క్‌టాప్‌లో నీ మెషీన్ టైమ్ చూపిస్తాయి. సర్వీస్‌లోకి (పవర్ బీఐ వెబ్ వైపు) పబ్లిష్ చేశాక యూటీసీ చూపిస్తాయి. అందుకే పొద్దున 5:30 దాటేదాకా ఆయనకి నిన్నటి తేదీ. నువ్వు 9కి చూస్తే మామూలే కాబట్టి నీకెప్పటికీ దొరకదు. యూటీసీనౌ() + టైమ్(5,30,0) అని ఒక మెజర్ (ఫార్ములా) రాసి, టుడే వాడిన ప్రతిచోటా దాని తేదీ భాగాన్ని పెట్టు. యూటీసీనౌ రెండు చోట్లా ఒకేలా ఉంటుంది. మన దగ్గర వేసవికి గడియారం మార్చే గొడవ లేదు కాబట్టి 5:30 అలా రాసేసినా పర్లేదు. అమెరికా క్లయింట్ అయితే ఇంత తేలిగ్గా తేలదు.

ఇక పేజీలు స్లో అవడం. వ్యూ ట్యాబ్‌లో పెర్ఫార్మెన్స్ ఎనలైజర్ ఆన్ చేసి ఏ విజువల్‌లో ఎంతసేపు పడుతోందో చూడు. దాంట్లో డాక్స్ క్వెరీ టైమ్ వేరు, విజువల్ డిస్‌ప్లే టైమ్ వేరు. ఫైల్ సైజ్ ఎంతుందో, ఆటో డేట్/టైమ్ ఆన్‌లో ఉందో లేదో కూడా చెప్పు. మందుల కంపెనీ కదా, ఎక్స్‌పైరీ డేట్ కాలమ్‌లో గరిష్ఠ విలువ ఏమిటో ఒకసారి చూడు. నాకో అనుమానం ఉంది.


నెల్లూరు_టు_బెళ్ళందూరు
మంగళవారం, ఉదయం 10:40

దాసు అన్నా, మీరేమైనా జ్యోతిష్యులా? ఎక్స్‌పైరీ తెలియని ఐటమ్స్‌కి 9999-12-31 అని పెట్టారు. ఆటో డేట్/టైమ్ ఆన్‌లోనే ఉంది. ఫైల్ 700 ఎంబీ పైన.


డాక్స్_దాసు
మంగళవారం, ఉదయం 11:15

జ్యోతిష్యం కాదు, మందులు, ఇన్సూరెన్స్, కాంట్రాక్టులు ఎక్కడున్నా 9999 ఉంటుంది. ఆటో డేట్/టైమ్ ఆన్‌లో ఉంటే ప్రతి తేదీ కాలమ్‌కీ కనపడని క్యాలెండర్ టేబుల్ ఒకటి తయారవుతుంది. ఆ కాలమ్‌లో అతి చిన్న సంవత్సరం నుంచి అతి పెద్ద సంవత్సరం దాకా రోజుకో వరుస. 2019 నుంచి 9999 దాకా అంటే దాదాపు 29 లక్షల వరుసలు. అదీ ఒక్క కాలమ్‌కి.

ఆప్షన్స్‌లోకి వెళ్ళి ఆపెయ్. "కరెంట్ ఫైల్" కింద ఒకటి, "గ్లోబల్" కింద ఒకటి, రెండూ. నీదంటూ ఒక తేదీల టేబుల్ పెట్టుకో, మన ఏప్రిల్-మార్చి ఆర్థిక సంవత్సరం కాలమ్‌తో సహా. 9999ని పవర్ క్వెరీలోనే నల్ చేసెయ్. ఆపే ముందు ఒకటి చూసుకో: పాత మెజర్లలో తేదీ కాలమ్ పక్కన చుక్క పెట్టి ఇయర్, మంత్ అని వాడి ఉంటే అవి విరిగిపోతాయి.

తర్వాత డాక్స్ స్టూడియో దింపుకో, ఉచితమే. అందులో వ్యూ మెట్రిక్స్ నొక్కితే ఏ కాలమ్ ఎంత మెమరీ తింటోందో వరసగా చూపిస్తుంది. ఈ ఇంజన్ కాలమ్‌లో ఎన్ని వేర్వేరు విలువలున్నాయో దాన్ని బట్టి కుదిస్తుంది. తేదీ, టైమ్ కలిసి సెకన్ల దాకా ఉన్న కాలమ్ అయితే రోజుకి 86,400 విలువల దాకా రావచ్చు. తేదీ ఒక కాలమ్, టైమ్ ఒక కాలమ్‌గా విడగొట్టు. సెకన్లు ఎవరికీ అక్కర్లేకపోతే తీసెయ్. ఎవరూ వాడని జీయూఐడీ (ప్రతి వరుసకీ వేరుగా ఉండే పొడవాటి ఐడీ) కాలమ్ ఉంటే దాన్ని కూడా. ప్రోలో మోడల్ హద్దు 1 జీబీ, నువ్వు ఆ గోడకి దగ్గర్లో ఉన్నావు.


కూకట్‌పల్లి_ఇన్_కోరమంగల
మంగళవారం, మధ్యాహ్నం 12:30

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా డీలర్ల పేర్లు తెలుగులో ఉంటాయి. సీఎస్‌వీ ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఇంకో పాత ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే అన్నీ ప్రశ్నార్థకాలే. దానికీ దీనికీ ఒకటే మందా?


సీమ_క్వెరీ
మంగళవారం, మధ్యాహ్నం 1:45

రెండూ వేరే జబ్బులు. పిచ్చి గీతలు కనిపిస్తే సంతోషించు, డేటా లోపల క్షేమంగానే ఉంది, చదవడమే తప్పుగా చదువుతున్నారు. ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరవకుండా, డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీతో తెచ్చి, ఫైల్ ఒరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకో.

ప్రశ్నార్థకాలు అంటే మాత్రం కథ అయిపోయినట్టే. కాలమ్ వార్‌చార్ (తెలుగు పట్టని టైప్) అయినా, ఎన్‌వార్‌చారే (తెలుగు పట్టే టైప్) ఉండి ఇన్సర్ట్‌లో కోట్స్ ముందు ఎన్ అక్షరం పెట్టకపోయినా, తెలుగు అక్షరాల బదులు నిజంగానే ప్రశ్నార్థకాలు సేవ్ అయిపోతాయి. వెనక్కి తేలేం. మూలం నుంచి మళ్ళీ లోడ్ చేసుకోవడమే. మైఎస్‌క్యూఎల్‌లో అయితే యూటీఎఫ్8ఎంబీ4 వాడు. తెలుగు అక్షరాలు ఒక్కోటి మూడు బైట్లే కాబట్టి పాత యూటీఎఫ్8లో కూడా పడతాయి, కానీ ఎవరో ఒక డీలర్ పేరు పక్కన ఎమోజీ పెడతాడు, అది నాలుగు బైట్లు, అక్కడ ఆగుతుంది.

మూడో జబ్బు నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నా. తెలుగు టైపింగ్ టూల్స్ కొన్ని పొల్లుతో ముగిసే మాట చివర జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని అక్షరం చేరుస్తాయి. "మెడికల్స్" అని రెండు చోట్లా ఒకేలా కనిపిస్తుంది, జాయిన్ మాత్రం కలవదు. లెంగ్త్ తీసి చూస్తే ఒకదాంట్లో ఒకటి ఎక్కువ ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఆర్‌ట్రిమ్(పేరు, సీహెచ్ఆర్(8204)) అంటే చివరిది పోతుంది. మాట మొత్తంలో రీప్లేస్ చేయకు. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో మధ్యలో అది ఉండాల్సిందే, తీసేస్తే వకారం కింద ఒత్తుగా దిగిపోతుంది.

అసలు పేర్ల మీద జాయిన్ ఎందుకు? డీలర్ కోడ్ లేకపోతే జీఎస్‌టీఐఎన్ (జీఎస్‌టీ నంబర్) వాడు. 15 అక్షరాలు, మొదటి రెండు రాష్ట్రం: కర్ణాటక 29, తమిళనాడు 33, తెలంగాణ 36, ఆంధ్ర 37. దాని తర్వాతి పది అక్షరాలు పాన్. ఒకే డీలర్‌కి బెంగళూరులో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి ఉంటే జీఎస్‌టీఐఎన్‌లు వేరు, పాన్ ఒకటే. రాష్ట్రం కోడ్‌ని విడదీస్తే టెక్స్ట్‌గానే ఉంచు, నంబర్ చేస్తే ఢిల్లీ 07 కాస్తా 7 అయిపోతుంది.


డాక్స్_దాసు
మంగళవారం, మధ్యాహ్నం 2:20

దానికి ఒక తోక. పవర్ క్వెరీకి చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు వేరు. మోడల్‌లోకి వెళ్ళాక రెండూ ఒకటే. కోడ్స్‌లో అలాంటివి రెండుంటే, పవర్ క్వెరీలో డూప్లికేట్లు తీసేశాక కూడా రిలేషన్‌షిప్ దగ్గర "డూప్లికేట్ వాల్యూస్" అని గొడవ చేస్తుంది. ముందే అన్నీ అప్పర్ కేస్ చేసి, ఆ తర్వాత డూప్లికేట్లు తీస్తే సరి.


మారతహళ్ళి_మాస్
మంగళవారం, మధ్యాహ్నం 3:00

మా స్టార్టప్‌లో మెటాబేస్ (ఇదీ రిపోర్టుల టూలే) వాడతాం, పవర్ బీఐకి డబ్బుల్లేవు. దానికి టిప్స్ ఉన్నాయా?


డీబీఏ_బాబాయ్
మంగళవారం, మధ్యాహ్నం 3:35

ఒకటే అడుగుతా. డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని కంటెయినర్ అనే విడి డబ్బాలో నడిపే టూల్) ఊరికే రన్ కొట్టి వదిలేశారా? అలా అయితే మీ ప్రశ్నలు, డ్యాష్‌బోర్డులు, యూజర్లు అన్నీ కంటెయినర్ లోపల ఉన్న హెచ్2 అనే చిన్న డేటాబేస్ ఫైల్‌లో ఉంటాయి. కంటెయినర్ తీసేసిన రోజు అన్నీ గోవిందా. ఈరోజే దాని అప్లికేషన్ డేటాబేస్‌ని పోస్ట్‌గ్రెస్‌కి మార్చుకోండి, మార్చడానికి కమాండ్ వాళ్ళ దగ్గరే ఉంది. అడ్మిన్‌లో రిపోర్ట్ టైమ్‌జోన్ కూడా చూసుకోండి, పైన సీమ అమ్మాయి చెప్పిన గొడవ అక్కడా ఉంటుంది. స్క్రీన్ మీద 2,000 వరుసలే చూపిస్తే డేటా పోయిందని కంగారు పడకు, అది చూపించే హద్దు మాత్రమే.


నెల్లూరు_టు_బెళ్ళందూరు
బుధవారం, ఉదయం 11:50

అప్‌డేట్. టైమ్ జోన్ మార్చాక సేల్స్ పేజీ ఫైనాన్స్‌తో కలిసింది. ఆటో డేట్ ఆపి, 9999 తీసేసి, టైమ్ విడగొడితే ఫైల్ సగానికి పైగా తగ్గింది. 5 గంటల కార్డ్ కూడా సరైంది, డైరెక్టర్ గారు పొద్దునే స్క్రీన్‌షాట్ పంపారు, పక్కన ఏమీ రాయలేదు, అదే మెప్పు అనుకోవాలట.

హాట్_స్టాండ్‌బై_ఫీడ్‌బ్యాక్‌కి డీబీఏ టీమ్ ఒప్పుకోలేదు. వర్క్_మెమ్‌కి, స్కేల్ ఫ్యాక్టర్‌కి ఒప్పుకున్నారు.

కలెక్షన్స్ పేజీలో మాత్రం ఆర్డర్ విలువ ఇంకా ఎక్కువే వస్తోంది. ప్రతి నెలా ఎక్కువే. సీమ అక్క సూత్రం ప్రకారం జాయిన్ అన్నమాట. ఆర్డర్స్‌ని పేమెంట్స్‌తో జాయిన్ చేశారు. షాపువాళ్ళు సగం సగం కడతారు, అదేనా?


సీమ_క్వెరీ
బుధవారం, మధ్యాహ్నం 12:25

అదే. రెండు వాయిదాల్లో కట్టిన ఆర్డర్ జాయిన్ తర్వాత రెండు వరుసలు, విలువ రెండుసార్లు కూడింది. కొందరు దీనికి డిస్టింక్ట్ వేసి మాయ చేస్తారు, వద్దు. ఒకే మొత్తం రెండుసార్లు కట్టిన వాయిదాల్లో ఒకటి ఎగిరిపోవచ్చు. పేమెంట్స్‌ని ముందు ఆర్డర్ ఐడీ మీద గ్రూప్ చేసి మొత్తం తీసి, ఆ తర్వాత ఆర్డర్స్‌కి లెఫ్ట్ జాయిన్ చెయ్యి. లెఫ్ట్ ఎందుకంటే, ఇంకా ఒక్క రూపాయీ కట్టని ఆర్డర్లే నీ కలెక్షన్స్ మీటింగ్‌లో అసలు చర్చ. ఇన్నర్ పెడితే వాళ్ళే మాయమవుతారు.


డాక్స్_దాసు
బుధవారం, మధ్యాహ్నం 1:10

ఇంకా మేలు, ఎస్‌క్యూఎల్‌లో జాయినే వద్దు. రెండు టేబుళ్ళూ విడిగా తెచ్చి మోడల్‌లో రిలేషన్‌షిప్ పెట్టు, ఆర్డర్ వైపు ఒకటి, పేమెంట్ వైపు అనేకం.

ఏడాది మొత్తం రోజూ లాగడం ఆపాలంటే ఇంక్రిమెంటల్ రిఫ్రెష్. ప్రోలోనూ ఉంది. రేంజ్‌స్టార్ట్, రేంజ్‌ఎండ్ అని సరిగ్గా అవే పేర్లతో రెండు పారామీటర్లు, టైప్ డేట్/టైమ్. ఒక వైపు మాత్రమే సమానం గుర్తు పెట్టు, రెండు వైపులా పెడితే సరిహద్దు వరుసలు రెండుసార్లు వస్తాయి. ఇది పనిచేయాలంటే ఆ ఫిల్టర్ డేటాబేస్ దాకా వెళ్ళాలి, దాన్నే క్వెరీ ఫోల్డింగ్ అంటారు. పవర్ క్వెరీలో ఎస్‌క్యూఎల్ అతికించేస్తే మామూలుగా ఫోల్డింగ్ ఆగిపోతుంది. మీ వాళ్ళని ఒక వ్యూ చేయమని, దానికి కనెక్ట్ అవ్వు. చివరి స్టెప్ మీద రైట్ క్లిక్ కొడితే "వ్యూ నేటివ్ క్వెరీ" వెలుగుతోందంటే ఫోల్డ్ అవుతున్నట్టే.

పబ్లిష్ చేసే ముందు పీబీఐఎక్స్ ఫైల్ (డెస్క్‌టాప్‌లో చేసిన రిపోర్ట్ ఫైల్) జాగ్రత్త చేసుకో. ఇంక్రిమెంటల్ పెట్టి రిఫ్రెష్ అయ్యాక సర్వీస్ నుంచి మళ్ళీ దింపుకోనివ్వదు.


డీబీఏ_బాబాయ్
బుధవారం, సాయంత్రం 4:45

ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ, ఆ గేట్‌వే ఏ మెషీన్ మీద ఉందో ఎవరూ అడగలేదు. మానేసినాయన పెట్టింది కదా? పర్సనల్ మోడ్‌లో ఆయన అకౌంట్ కింద ఉంటే, హెచ్‌ఆర్ వాళ్ళు ఆ అకౌంట్ మూసేసిన రోజు ఇదంతా ఆగుతుంది.


నెల్లూరు_టు_బెళ్ళందూరు
బుధవారం, సాయంత్రం 6:30

ఇప్పుడే చూశాను. స్టాండర్డ్ గేట్‌వేనే, కానీ ఆఫీసులో ఒక డెస్క్ కింద ఉన్న డెస్క్‌టాప్ మీద ఉంది. దాని మీద "ఆఫ్ చేయొద్దు" అని కాగితం అంటించి ఉంది, అది కూడా సగం ఊడిపోయింది. అడ్మిన్‌గా ఆయన ఒక్కరే. రికవరీ కీ (గేట్‌వే పెట్టేటప్పుడు ఇచ్చిన పాస్‌వర్డ్) ఎక్కడుందో ఎవరికీ తెలియదు.


డీబీఏ_బాబాయ్
బుధవారం, రాత్రి 8:05

ఆయన అకౌంట్ ఇంకా బతికుంటే రేపు మీటింగ్ కంటే ముందు ఈ పని చెయ్యి. ఐటీ వాళ్ళతో నిన్ను, ఇంకొకరిని గేట్‌వే అడ్మిన్లుగా చేర్పించు. డేటాసెట్‌ని (ఇప్పుడు దీన్ని సెమాంటిక్ మోడల్ అంటున్నారు) సెట్టింగ్స్‌లో "టేక్ ఓవర్" కొట్టి నీ పేరు మీదకి తెచ్చుకో, డేటాబేస్ పాస్‌వర్డ్ మళ్ళీ ఇవ్వమంటుంది, రెడీగా ఉంచుకో. రికవరీ కీ లేకుండా గేట్‌వేని వేరే మెషీన్‌కి తరలించలేరు. కాబట్టి దాన్ని వెతికేకన్నా, ఎప్పుడూ ఆన్‌లో ఉండే సర్వర్ మీద కొత్త గేట్‌వే పెట్టి, ఆ కీని కంపెనీ పాస్‌వర్డ్ వాల్ట్‌లో పెట్టించు. డెస్క్ కింద మెషీన్ అంటే కరెంటు పోయినా పోతుంది, విండోస్ అప్‌డేట్ వచ్చినా పోతుంది, ఊడ్చేవాళ్ళు ప్లగ్ లాగినా పోతుంది.

షెడ్యూల్ కూడా చూసుకో. వరసగా నాలుగుసార్లు ఫెయిల్ అయితే సర్వీస్ ఆ షెడ్యూల్‌నే ఆపేస్తుంది. ఫెయిల్ మెయిల్ ఎవరికి వెళ్తోంది? పాతాయనకే అయి ఉంటుంది. అది నీ టీమ్ మెయిల్‌కి మార్చు.


నెల్లూరు_టు_బెళ్ళందూరు
గురువారం, సాయంత్రం 5:55

మీటింగ్ అయింది. నంబర్ల మీద ఒక్క ప్రశ్న రాలేదు. కొత్త గేట్‌వేకి సర్వర్ వచ్చే వారం ఇస్తారట, అప్పటిదాకా ఆ డెస్క్‌టాప్‌కి కొత్త కాగితం అంటించాను. 9 గంటల రిఫ్రెష్ బాగానే వెళ్తోంది.

చివర్లో ఫైనాన్స్ హెడ్ గారు "అంతా బాగుందమ్మా, ఇదంతా ఎక్సెల్‌లో పంపు" అన్నారు. ఎక్స్‌పోర్ట్ కొడితే మొత్తం రావడం లేదు.


డాక్స్_దాసు
గురువారం, సాయంత్రం 6:20

అనకపోతే ఆశ్చర్యపోవాలి. విజువల్ నుంచి సీఎస్‌వీ అయితే 30,000 వరుసలు, ఎక్సెల్ అయితే 1,50,000, అంతే. ఎక్స్‌పోర్ట్ వద్దు, "అనలైజ్ ఇన్ ఎక్సెల్" ఇవ్వు. ఆయనకి పివట్ టేబుల్ తెరుచుకుంటుంది, డేటా మోడల్ నుంచే వస్తుంది కాబట్టి నీ నంబరూ ఆయన నంబరూ ఒకటే ఉంటాయి. ఆ డేటాసెట్ మీద ఆయనకి బిల్డ్ పర్మిషన్ ఉండాలి, మీది ప్రో కాబట్టి ఆయనకీ ప్రో లైసెన్స్ కావాలి. ఆర్డర్ నంబర్లు 16 అంకెలు దాటితే మోడల్‌లో టెక్స్ట్‌గా పెట్టు, ఎక్సెల్ 15 అంకెల తర్వాత అన్నీ సున్నాలు చేస్తుంది.


నెల్లూరు_టు_బెళ్ళందూరు
గురువారం, సాయంత్రం 6:32

మావి సరిగ్గా 16 అన్నా. దాటకపోయినా చివరిది సున్నా అవుతుందా?


సీమ_క్వెరీ
గురువారం, సాయంత్రం 6:40

అవుతుంది. 16కీ అదే గతి. టెక్స్ట్ చేసెయ్.